కరెంటూ మందూ రెండూనా?

మా ఇంట్లో రేడియేషన్ అన్న మాట ఎవరూ అనరు. కరెంటు అంటారు. "సంధ్యకు కరెంటు పెడుతున్నరు" అని మా అమ్మ ఫోన్లో చెప్తుంటే, అవతల వినేవాళ్లు బావుల కాడి మోటార్లను, స్టార్టర్ డబ్బాలను తలుచుకుని ఎంత భయపడేవారో నాకు తర్వాత తెలిసింది. ఆ ఒక్క మాట మా ఇంట్లో చేసిన పని గురించి, కరెంటుతో పాటు నా నరంలోకి ఎక్కించిన మందు గురించి, ఆ రెండింటి నడుమ నాలో పెరిగిన కుళ్లు గురించి రాయాలని కూచున్నాను. గడ్డ అణిగింది. నోరు ఇంకా ఎండిపోతూనే ఉంటుంది, పక్కన నీళ్ల సీసా పెట్టుకునే రాస్తున్నాను. ఇదే దారిలో ఇప్పుడు నడుస్తున్నవాళ్లు, దవాఖాన హాల్లో కూచుని పక్కవాళ్ల ముఖం చూసి "వాళ్లకన్నా నాకే ఎందుకిట్ల" అనుకుంటున్నవాళ్లు ఉంటే, వాళ్లకు కొంచెం తోడుగా ఉంటుందని నా ఆశ.

సెప్టెంబరు

మాది బచ్చన్నపేట దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయ్యాక జనగామలో ఒక పత్తి మిల్లులో కంప్యూటరు ముందు కూచునే పని దొరికింది. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇంటికొచ్చి డైరీ రాసుకుంటాను, దొరికిన పుస్తకమల్లా చదువుతాను. మిల్లులో నన్ను "మౌనవ్రతం మేడం" అనేవారు. అందుకే మెడ మీద, చెవి కింద చింతగింజంత గడ్డ కనిపించినప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాను. తర్వాత ఎడమ చెవి నీళ్లు పోయినట్టు మూసుకుపోయింది. పొద్దున్నే ముక్కు చీదితే సన్నగా నెత్తుటి చార. ఊళ్లో మందులిచ్చే ఆయన "చెవికి చల్లగాలి తాకింది" అని గోళీలిచ్చాడు. ఆ గోళీలతో నెల గడిచిపోయింది, గడ్డ రేగుపండంత అయింది. మీకెవరికైనా ఇట్లా ఉండి వారాలు గడిచినా తగ్గకపోతే, నొప్పి లేదు కదా అని ఆగకండి. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు దగ్గరికి పోండి. ఈ రాతలో నేను గట్టిగా చెప్పదలుచుకున్న జాగ్రత్తల్లో ఇది మొదటిది.

జనగామలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చేతికొచ్చిన రోజు నేనూ అమ్మా దవాఖాన వరండాలో కూచున్నాం. అదే సమయానికి భూపాలపల్లి నుంచి చిన్నమ్మ ఫోను. అమ్మ తొందరలో ఎటో నొక్కితే మాట పైకి వినిపించింది.

"అక్కా! మన అనుకు పెద్ద ల్యాబుల సీటచ్చిందే! ఆకాశంలకు పోయేటోళ్ల మీద పరిశోధనట. ఈయనైతే బొగ్గుబాయి కాడ అందరికి మిఠాయి పంచుతుండు!"

అమ్మ నా చేతిలోని కాగితం వైపు చూసింది. "మంచిగైంది చెల్లే. మస్తు మంచిగైంది" అంది. కళ్లు తుడుచుకుంది. చిన్నమ్మ అవి సంతోషంతో వచ్చిన నీళ్లే అనుకుని ఉంటుంది. ఫోను పెట్టేశాక, "ఆళ్లు మంచిమాట చెప్పిన పొద్దు మన మాటెందుకు తియ్యి" అని నాతో అంది.

ఆ వరండాలో నాకు భయం కన్నా ముందు వచ్చింది కుళ్లు. దాచుకోవడం అనవసరం.

అనూష మా చిన్నమ్మ బిడ్డ, నాకన్నా ఏడాది చిన్నది. వేసవి సెలవులకు ఇద్దరం మానుకోటలో అమ్మమ్మ ఇంటికి చేరేవాళ్లం. ఊరి మధ్యలోంచి రైళ్లు పోయే ఊరది. లైబ్రరీ నుంచి ఆకాశం పుస్తకాలు తెచ్చేది నేను. సాయంత్రం మిద్దె మీద కూచోబెట్టి చదివి వినిపించేది నేను. ఇత్తడి గిన్నె తల మీద బోర్లించి వ్యోమగామిని చేసేది కూడా నేనే. భూమికి దూరంగా పోతే గోడల్లోంచి కూడా దూసుకొచ్చే కిరణాలుంటాయని నేను చెబితే, అనూషకు అదేం పట్టేది కాదు. "మరి ఆడ గాలెక్కడిదక్కా?" అని అడిగేది. అంతరిక్ష ఓడలోని గాలినే శుభ్రం చేసుకుని మళ్లీ మళ్లీ పీలుస్తారని చెప్పాను. "ఛీ! అందరు ఇడిచిన గాలి అందరు పీల్చుడా!" అని ముక్కు మూసుకుని కిందికి పరుగెత్తింది. అట్లా ముక్కు మూసుకున్న పిల్ల ఇప్పుడు ఆ గాలి మీదే పరిశోధన చేయబోతోంది. పుస్తకం తెచ్చిన నా చేతిలో ఈ కాగితం.

అక్టోబరు

పట్నంలో పెద్ద దవాఖాన. డాక్టరమ్మ తొందరపడకుండా చెప్పింది. ముక్కు వెనక, గొంతు పైన మొదలైన కాన్సరు. కోసి తీయడానికి వీలైన చోటు కాదు. కిరణాలు, మందు రెండూ ఒకే కాలంలో ఇవ్వాలి.

"రెండూ కలిపితే బిడ్డ తట్టుకుంటదా డాక్టరమ్మా?" అని బాపు అడిగాడు.

"కలిపితేనే గట్టిగా పనిచేస్తయి. కిరణాలు చెడ్డ కణాన్ని దెబ్బకొడతయి. ఆ దెబ్బను అది బాగుచేసుకోకుండా మందు అడ్డం పడతది. కాకపోతే మంచి కణాలకు కూడా దెబ్బ ఎక్కువే. నోరు, చెవులు, మూత్రపిండాలు చూసుకుంటూ పోదాం."

వేడినీళ్లలో మెత్తబడిన తెల్లటి జాలీ ప్లాస్టిక్‌ను నా ముఖం మీద పరిచి అదిమారు. చల్లారాక అది నా ముఖమే అయింది: నా ముక్కు, నా గడ్డం, నేను నొక్కి పట్టుకున్న పెదవులు. రోజూ ఆ ముసుగు తొడిగి, దాన్ని బల్లకు బిగించి, అందరూ బయటికి పోయేవారు. మందపాటి తలుపు మూసుకునేది. ఎక్కడి నుంచో మైకులో "కదలొద్దమ్మా" అన్న గొంతు. మొదటి రోజు కళ్లు మూసుకుని, నేనిప్పుడు పైకి పోతున్నాను అనుకున్నాను. మానుకోట మిద్దె, ఇత్తడి గిన్నె గుర్తొచ్చాయి. అది కొంచెం పనిచేసింది. కానీ వెంటనే ఇంకో ఆలోచన: వ్యోమగాములు తామే పోతామని చేతులెత్తినవాళ్లు. వేలమందిలో ఏరితే మిగిలినవాళ్లు. వాళ్ల ఒంటి మీద ఎంత కిరణం పడిందో కొలిచే బిళ్ల ఉంటుంది, తిరిగొస్తే మెడలో పూలదండలుంటాయి. నా మెడలో గడ్డ ఉంది. మామూలు మనిషి ఎక్కలేని ఎత్తులో ఉన్నవాళ్ల మీద కూడా కుళ్లుకోగలనని ఆ బల్ల మీదే తెలిసింది.

బయట హాల్లో కొత్తగా వచ్చినవాళ్లను అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. బస్టాండులో ఏ ఊరికి అని అడిగినట్టుగా.

"కరెంటా, మందా?"

నన్నడిగింది లచ్చవ్వ. కాటారం దగ్గరి పల్లె ఆమెది. గొంతులో రోగం, గులకరాళ్లు దొర్లినట్టు మాట. అయినా హాల్లో ఎక్కువ మాట్లాడేది ఆమెనే.

"రెండూ" అన్నాను నేల చూస్తూ.

"కరెంటూ మందూ రెండూనా!" అని అరిచినంత పని చేసింది. "ఆగు బిడ్డా, మందంటె మా ముసలోడు తాగే మందు గాదు గదా?"

హాలంతా నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీ మీద చెయ్యేసి తట్టింది: "ఈడ కూసో. సిగ్గువడకు. ఈడున్నోళ్లందరం ఒక్క బడి పోరలమే."

ఆ రోజు నుంచి ఆమె పక్కనే నా చోటు. ఆమెకు కరెంటు ఒక్కటే. మందు ఎక్కించే రోజు నేను పొద్దంతా సీసా కింద పడుకుని వాంతి చేసుకుంటుంటే, ఆమె తన వంతు అయిపోయాక డబ్బా విప్పి ఇడ్లీ నెమ్మదిగా నానబెట్టుకుని తినేది. నాకు మొదటి రోజే ఆమె మీద ఈర్ష్య పుట్టింది. ఒక్కటే ఉన్నవాళ్లందరి మీదా పుట్టింది.

నవంబరు

నోరంతా పుండయింది. అన్నం ముళ్లలా గుచ్చుకునేది. నాకు ప్రాణమైన పచ్చిపులుసు నాలుక మీద ఇనుప ముక్క చీకినట్టుండేది. వారమంతా పట్నంలో ఉండి శనివారం ఊరికి పోతూ, జనగామ బస్టాండులో మిర్చీబజ్జీ తింటున్నవాళ్లను చూస్తే ఏడుపొచ్చేది. వాళ్లు దాన్ని తింటూ ఫోను చూసుకుంటున్నారు! తింటున్నది ఏమిటో కూడా గమనించడం లేదు! నోట్లో ఉప్పూ సోడాపొడి కలిపిన నీళ్లు పుక్కిలించుకుంటూ, వాళ్లు నమిలిన ప్రతి ముద్దా నేను లెక్కపెట్టేదాన్ని.

అయితే నన్ను ఎక్కువ కుదిపింది నోరు కాదు, బాపు.

మా ఊళ్లో ఎవరి బావి కాడ ఫ్యూజు పోయినా బాపునే పిలుస్తారు. రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఎండు కట్టె పట్టుకుని, తడి ఆరిన చేతులతో పోయి సరిచేసి వస్తాడు. కరెంటు మొదలైన తర్వాత మొదటి శనివారం, ఇంటి గుమ్మంలోనే నాకు కొత్త రబ్బరు చెప్పులు చూపించాడు.

"ఇంట్ల గూడ ఇడువకు. పండుకున్నప్పుడు తప్ప కాళ్లకుండాలె."

నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. మంచినీళ్ల గ్లాసు చేతికివ్వకుండా పీట మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను తీసుకున్నాక దగ్గరికొచ్చాడు కానీ, చెయ్యి అందేంత దూరం రాలేదు. ఆదివారం సాయంత్రం మళ్లీ పట్నం బస్సెక్కుతుంటే మెట్టు మీద నాకు కళ్లు తిరిగాయి. బాపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాడు. "కండక్టరు తమ్మీ, జర బిడ్డను పట్టుకోరాదే" అన్నాడు.

ఎవరో కండక్టరు నా మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కిటికీ పక్కన కూచుని పత్తి చేన్లు చూస్తూ పోయాను. రోగం అంటుకుంటుందని బాపు భయపడుతున్నాడనుకున్నాను. చదువుకోని మనిషి, తప్పేముంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ తర్వాతి వారం ఇంటికి పోయినప్పుడు బాపు కొట్టంలో దూడ మెడ గోకుతూ కూచున్నాడు. దూడ కళ్లు మూసుకుని సుఖపడుతోంది. నేను రబ్బరు చెప్పులతో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని దూడను చూసి కుళ్లుకున్నాను.

అమ్మ ఊరుకోలేదు. "బిడ్డనట్ల ఎడంగ పెడ్తవేందయ్యా? దానికెంత గోసైతదో ఎరుకేనా?"

"నీకు తెల్వది. నువ్వూకో. నువ్వు గూడ తడి చేతులతోని ముట్టకు."

ఆ మాటతో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా నాతోనే చెప్పించుకునేవారు, నాకేమో ఉప్పు తెలియదు.

ఆ రోజుల్లోనే అనూష ఫోను చేసింది. అప్పటికి వాళ్లకు నా సంగతి తెలిసింది. కాసేపు ఏడ్చింది. తర్వాత నేనే, వేరే ఏం మాట్లాడాలో తోచక, నీ పనేమిటో చెప్పమన్నాను.

"భూమి కాపుదల దాటి దూరం పోయేటోళ్లకు కిరణాలు ఎక్కువ తగుల్తయి గదక్కా. అటు ఓడల మూసిన గాలి. ప్లాస్టిక్కుల నుంచి, రంగుల నుంచి ఆవిర్లు. ఇంధనం వాసన. చంద్రుని మీద దిగితె బట్టలకంటుకొని లోపటికొచ్చే దుమ్ము. కిరణాలు గింత దాటొద్దు, ఆవిరి గింత దాటొద్దు అని దేని హద్దు దానికి పెట్టిండ్రు. రెండూ ఒక్కపారే తగిల్తే ఎట్ల? ఒక్కోటి హద్దుల్నే ఉన్నా, రెండు కల్సి ఎక్కువ చెడగొడ్తయేమో. మెదడుకా, ఊపిరితిత్తులకా, నెత్తురుకా... ఏండ్ల తర్వాత బయటపడ్తదా... గది ఇంక మంచిగ తెల్వది. మేం ల్యాబుల గాజు గిన్నెలల్ల కణాలు పెంచి సూస్తున్నం."

"కిరణం దెబ్బకొడ్తది. రెండోది బాగుచేసుకోనియ్యదు" అన్నాను.

"నీకెట్ల తెల్సక్కా?"

"మా డాక్టరమ్మ చెప్పింది. నాకు గదే పెడ్తున్నరు. మీ దగ్గర భయపడేది మా దగ్గర వైద్యం."

"సంధ్యక్కా..."

ఫోను పెట్టేశాక డైరీలో రాసుకున్నాను: అనూష గిన్నెలో చూస్తోంది, నేను గొంతులో. గిన్నెకు ఆమె పేరు రాసి ఉంటుంది. ఆ పుట నిండా ఆ ముక్కే ఎన్ని రకాలుగా రాశానో. అంతరిక్షం, కిరణాలు, మూసిన గాలి, రెండూ కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న, ఇవన్నీ నేను మిద్దె మీద పంచిపెట్టినవేనని, తీసుకున్నది మాత్రం ఆమె ఒక్కతే అని.

డిసెంబరు

చెవుల్లో మోత మొదలైంది. చిమటలు లోపలే కూచున్నట్టు. పరీక్ష చేస్తే సన్నని శబ్దాలు వినడం తగ్గిందని తేలింది. డాక్టరమ్మ ముగ్గురినీ కూచోబెట్టింది.

"కరెంటు మాత్రం ఆపొద్దు, కొంచెమే మిగిలింది. ఆఖరి మందు సంగతి ఆలోచించాలె. తగ్గించి ఇవ్వొచ్చు, ఆపొచ్చు. ఇస్తే రోగం మీద ఇంకొంచెం పట్టు దొరుకుతది. చెవులకు ఇంకొంచెం పోవచ్చు. పోయింది తిరిగి రాకపోవచ్చు. ఆదివారం దాకా ఆలోచించుకొని సోమారం చెప్పండి."

నాకు ఆపించుకోవాలనే ఉంది. నేను మాట్లాడే మనిషిని కాను, వినే మనిషిని. వినడం కూడా పోతే నా దగ్గర ఏం మిగులుతుంది? అమ్మ ఇప్పించుకొమ్మంది. బాపు "సాలు, బిడ్డ ఆగమైంది" అన్నాడు. ఇద్దరూ ఆ మాటలు ఒకరితో ఒకరు కాక నాతో అన్నారు.

ఆదివారం అనూష మా ఊరొచ్చింది. సంచి నిండా దానిమ్మపండ్లు. నోరు పుండైన మనిషికి దానిమ్మపండ్లు! బాపు గేటు దాకా ఎదురుపోయి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"వచ్చినవా బిడ్డా? ఎంత సన్నవడ్డవే! తింటున్నవా లేదా?"

నేనక్కడే ఉన్నాను. నా బొక్కలు లెక్కపెట్టొచ్చు. సన్నబడింది అనూషట.

బాపు మజ్జిగ తెచ్చాడు. ఆమెకు చేతికిచ్చాడు. నాది పీట మీద పెట్టి వెనక్కి జరిగాడు. నేనిన్ని వారాలూ నోరు తెరవనిది, అనూష గుక్క తాగకముందే అడిగేసింది.

"గదేంది పెద్దబాపూ? నాకు చేతికిచ్చి అక్కకు పీట మీద పెడ్తివి? అది అంటుకునే రోగం గాదు."

"ఛ! అంటుడేంది. నా బిడ్డ రోగం నాకంటితె అంటనీ." బాపుకు కోపమొచ్చింది. తర్వాత నా వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు: "కరెంటు పెడ్తున్నరు గదా. వారమంత పెట్టింది దాని ఒంట్ల నిలువాలె గదా. నేను మట్టిల తిరిగేటోన్ని. కాళ్లకు చెప్పులుండయి, చేతులు తడిగుంటయి. నేను ముడితె అదంత నాలకెల్లి భూమిలకు దిగుతది. ఎర్తయిపోతది. గంత గోసవడి పెట్టిచ్చుకున్నది నా చేతుల పోతె? గందుకే దానికి రబ్బరు చెప్పులు కొనిచ్చిన."

అమ్మ గంటె పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. "గీ ముచ్చట నాకు జెప్పద్దా? గిన్ని దినాలు నిన్ను తిట్టుకుంట వండిపెడ్తి!"

బయటి నుంచి ఇచ్చే కిరణాలు ఒంట్లో మిగలవని నాకు తెలుసు. మిగులుతాయని బాపు అనుకుంటున్నాడని మాత్రం తెలియదు. అడగలేదు కాబట్టి తెలియలేదు. మీ ఇంట్లో ఎవరైనా దూరంగా జరిగితే ఎందుకని అడగండి. ఈ కరెంటు పెట్టించుకున్నవాళ్లను ముట్టుకోవచ్చు, పక్కన కూచోవచ్చు, పట్టుకుని ఏడవనూ వచ్చు.

అనూష నవ్వలేదు. "పెద్దబాపూ, టార్చిలైటు గోడ మీద ఏస్తవు. ఆపినంక గోడల ఎలుగు మిగుల్తదా?"

బాపు ఆలోచించాడు. "మిగలది."

"ఇది గూడ గంతే. తగిల్నప్పుడు పని జేస్తది. తర్వాత ఒంట్ల ఉండది, ఎర్తు గాదు."

"నిజమే కావచ్చు" అన్నాడు బాపు. నా వైపు ఒక అడుగు వేసి ఆగాడు. "అయినా గని... అయిపొయ్యేదాంక ఆగుదాం. ఎందుకచ్చిన పరేషాన్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండుతోంది. బాపు మనసులోని మాట కూడా ఆమెకే దొరికింది, ఒక్క ప్రశ్నతో.

అన్నాలయ్యాక మంచం మీద నా పక్కన కూచుని, అనూష నా చెయ్యి తీసుకుంది. "అక్కా, మా ల్యాబుల వచ్చే నెల అందరి ముంగట నేను మాట్లాడేదుంది. రెండూ కల్సి తగిల్తే మనిషికెట్లుంటదో ఒక ముచ్చట చెప్పి మొదలుపెడ్తె మంచిగుంటది అనిపిచ్చింది. నీ పేరు జెప్ప. నీ సంగతి చెప్పనా?"

"వద్దు."

"పేరు జెప్పనక్కా."

"వద్దన్న గదా. పుస్తకం నాది. మిద్దె మీద చెప్పింది నేను. ఆఖరికి నా రోగం గూడ నీకే కావాల్నా?"

ఆమె చెయ్యి నా చేతి మీదే ఉండిపోయింది. "కోపమా?"

"కాదు. కుళ్లు."

"నా మీదనా?"

"మరెవ్వరి మీద?"

ఇంత మాట నేను ఎవరితోనూ అనలేదు, అనగలననీ అనుకోలేదు. అనూష ముఖం ఎర్రబడింది. చాలాసేపు దూడను చూస్తూ కూచుంది. లేచేటప్పుడు, "సరే, చెప్ప. కుళ్లుకో అక్కా, మంచిగ కుళ్లుకో. ఏండ్లకేండ్లు కుళ్లుకో" అని, కళ్లు తుడుచుకుని బస్సుకు పోయింది. దానిమ్మపండ్లు అమ్మ రసం తీసి ఇస్తే అదీ మండింది.

సోమవారం హాల్లో డాక్టరమ్మ పిలుపు కోసం కూచున్నాం. లచ్చవ్వకు అప్పటికి మాట దాదాపు పోయింది, గాలి మాత్రమే వచ్చేది. నేను మందు ఆపించుకుంటున్నానని ఆమె చెవి దగ్గర చెప్పాను.

ఆమె నా వైపు తిరిగి తేరిపార చూసింది. "ఆపిచ్చుకుంటవా?"

"చెవులు పోతున్నయవ్వా."

"నాకు ఇయ్యున్రి అంటె ఇయ్యలె బిడ్డా. నీ కిడ్నీలు తట్టుకోవు, ఒట్టి కరెంటే అన్నరు. ఒక్కదాంతోని దిగుతదో లేదో అని నాకు రోజు గుబులే. నువ్వా మందు సీసా కింద పండుకుంటె అద్దంల నుంచి చూస్త. కడుపు మండుతది. అబద్ధమెందుకు చెప్పాలె? మల్ల నా దిష్టి తాకుతదేమో అని నేనే కండ్లు తిప్పుకుంట."

నేనామె ముఖం చూశాను. ఆమె కూడా సిగ్గుపడుతోంది, హాలంతా నవ్వించే మనిషి. మొదటి రోజు నుంచి నేను ఆమెకు ఒక్కటేనని, ఆమె నాకు రెండు ఉన్నాయని, పక్కపక్క కుర్చీల్లో కూచుని ఒకరి మీద ఒకరం కుళ్లుకుంటున్నాం. నా బతుకులో నన్ను చూసి ఎవరైనా కుళ్లుకోవడం అదే మొదలు. నవ్వొచ్చింది. పెదవి పగిలి నెత్తురొచ్చింది. ఆమె కొంగుతో అద్దింది.

లోపలికి పోయి, తగ్గించి ఇవ్వండి, ఆపొద్దు అని చెప్పాను. ఇది నా ఒంటికి, మా డాక్టరమ్మ చూసి ఒప్పుకున్న నిర్ణయం. ఆపమని మీ డాక్టరు చెబితే ఆపించుకోండి, అది ఓడిపోవడం కాదు. చెవి పరీక్ష మాత్రం మొదట్లోనే చేయించమని అడగండి.

కరెంటు ఆఖరి రోజు, ముసుగు విప్పి నా చేతికే ఇచ్చి పంపారు. తలుపు బయట బాపు నిలబడి ఉన్నాడు. మిషను నడిపే అతన్ని అడిగాడు.

"అయిపోయిందా సారూ? ఇగ పెట్టేది లేదు గదా?"

"లేదు పెద్దాయనా. అయిపోయింది."

బాపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు, అవి పొడిగానే ఉన్నా. నా మణికట్టు పట్టుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు వదల్లేదు, ఆటోలో వదల్లేదు, బస్టాండులో టికెట్టు తీసుకునేటప్పుడు కూడా రెండో చేత్తోనే అవస్థపడ్డాడు. "బాపూ, చెయ్యి నొప్పి లేస్తుంది" అన్నాను.

"ఇగ ఎర్తయితె కానీ తియ్యి" అన్నాడు.

మార్చి

స్కానులో ఏమీ కనిపించలేదు. ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. ఆ మాట విన్నప్పుడు ఏడవలేదు, ఆకలేసింది.

చెవుల్లో సన్ననివి పోయాయి. కుక్కరు కూత అమ్మ చెబితే తెలుస్తుంది. వాకిట్లోంచి బాపు పిలిస్తే నా పేరు మొదటి అక్షరం దారిలోనే పడిపోయి, మిగతాది చేరుతుంది. పిట్టల కూతల్ని వింటున్నవాళ్లను చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పచ్చిపులుసు మొదట పులుపుగా, చాలా రోజులకు ఉప్పుగా, చివరకు పచ్చిపులుసుగా తిరిగొచ్చింది.

లచ్చవ్వ ఫోను చేసింది. గులకరాళ్ల గొంతు తిరిగొచ్చింది. "నాది దిగిందట! ఒట్టి కరెంటుతోనే!" అని, వెంటనే, "నీది గూడ దిగింది గదా? రెండు పెట్టిచ్చుకున్నవు, దిగకుంటె ఊకుంటనా?" అంది.

ఇప్పుడు

వానలు పడ్డాక భూపాలపల్లిలో చిన్నమ్మ ఇంటికి పోయాం. అనూష వచ్చింది. ఆ రోజు వాళ్ల ల్యాబులో నా సంగతి లేకుండానే మాట్లాడిందట, గిన్నెల్లోని కణాల గురించి. బాగానే జరిగిందట. "గిన్నెలు మాట్లాడయి గదక్కా, చప్పగున్నది" అంది. ఒకటి తోడైతే ఇంకొకటి చేసే చెరుపు ఎంత పెరుగుతుందో తేలాలంటే ఏళ్లు పడుతుందని చెప్తూ, నా ఎడమ చెవి పక్క నుంచి కుడి చెవి పక్కకు వచ్చి కూచుంది. కుడి చెవి కొంచెం నయమని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. అది కూడా నాకు ముందు నచ్చలేదు. తర్వాత నచ్చింది.

అన్నాల దగ్గర నేను పచ్చిపులుసు రెండోసారి పోసుకుంటుంటే మళ్లీ అడిగింది.

"ఇప్పుడన్న చెప్పనా అక్కా నీ సంగతి?"

"వద్దు. నేనే రాస్త."

"రాస్తవా! ఎవ్వలకన్న చూపిస్తవా?"

"అచ్చు ఏపిస్త."

అనూష ముద్ద చేతిలోనే పట్టుకుని నన్ను చూసింది. మౌనవ్రతం మేడం నలుగురి ముందు తన నోరు, చెవులు, కుళ్లు అన్నీ విప్పి పెడుతుందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. "రాసినంక ముందుగాల నాకు పంపాలె" అంది.

"అందరికన్న ఆఖరుకు పంపుత."

పంపలేదు. అందరితో పాటే చదువుతుంది. చదువుతూ, మిద్దె మీద కూచున్నప్పటిలా మధ్యలో లేచి పరుగెత్తకుండా చివరిదాకా వస్తే, ఇక్కడికొచ్చాక కాస్త కుళ్లుకుంటే బాగుండును.